మూపురం లేని ఆవు

చిన్న కార్డు మీది ఏనుగు బొమ్మలో తొండాన్నీ చెవినీ బొటనవేలితో మూసేసి చూపిస్తే, అది ఏనుగని మీరు ఎంతసేపట్లో చెప్పగలరు? వెంటనే చెప్పేస్తానని తొందరపడకండి. మా ఊరి టీ అంగడి దగ్గర అరవై దాటిన పెద్దమనుషులు ముగ్గురు ఆ పరీక్షకు కూర్చున్నారు. ఒకాయన ఎనుము, అంటే గేదె, అన్నాడు. ఇంకొకాయన గుండు అన్నాడు. మా కొండల మీద అలాంటి బూడిదరంగు రాతిగుండ్లు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను. మూడో ఆయన మాత్రం, "వేలు తియ్యప్పా, చెప్తా" అన్నాడు. ముగ్గురిలో తర్కం తెలిసినవాడు ఆయనొక్కడే.

ఈ పరీక్ష నేను వేళాకోళానికి పెట్టలేదు. ఒక ఆరేళ్ల పాప బడికి పోవడమా, గొర్రెల వెనక పోవడమా అనేది ఆ రోజు ఇలాంటి బొమ్మల మీదే ఆధారపడి ఉంది.

నేను సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. పామిడికి దగ్గరలోని ఒక పల్లెలో కాస్త మెట్టచేను చూసుకుంటూ ఉంటాను. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి దయ్యాలు లేవనీ, పూనకాలు బూటకమనీ వాదించిన గుంపులో ఉన్నాను. ఇప్పటికీ ఎవరైనా వాదనకు పిలిస్తే భోజనం మానేసి పోతాను.

జూన్‌లో, బడులు తెరిచే రోజుల్లో, శనక్కాయ విత్తడానికి ముందు, చేలో గొర్రెల మంద నిలిపించుకోవడం మా వైపు అలవాటు. పగలు మేతకు పోయిన మంద సాయంత్రానికి చేలోకి వచ్చి పడుకుంటుంది. రెండు మూడు రోజులు మంద పడుకున్న నేలకు వేరే ఎరువు అక్కర్లేదు. ఏటా నా చేలో మంద నిలిపే కుటుంబం ఒకటుంది. తండ్రీ తల్లీ మందతో పాటు ఊళ్లు తిరుగుతారు. తండ్రిని కన్న ముసలామె ఊళ్లో ఇల్లు చూసుకుంటుంది. పాప ఆమెను జేజీ అని పిలుస్తుంది. మేమూ జేజి అనే అంటాం.

పోయినేడు మంద వచ్చిన మొదటి రోజు పొద్దున్నే జేజి చేనిగట్టు మీదికి వచ్చి కూర్చుంది. కొంగుముడిలోంచి మడిచిన కాగితం తీసింది.

"సారూ, మా పాప మొద్దంట."

"ఎవరన్నారు?"

"బళ్లో. బొమ్మలు పెట్టి అడిగినారంట. ఇది నోరు తెరవలేదంట. ఇంగో ఏడాది అంగన్‌వాడీలోనే ఉండల్లని కాయితం రాసినారు. కింద ఏలిముద్ర ఎయ్యమన్నారు."

"వేసినావా?"

"యాడేస్తా? నీకు చూపిచ్చినాకే అని తెచ్చినా."

ఏడాదే కదా, పోనీ అన్నాను. చదువు చెప్పినవాడు అనవలసిన మాట కాదు. జేజి నా వైపు జాలిగా చూసింది.

"ఏడాది యాడుండాది సారూ? వాళ్ల నాయన చెప్పేసినాడు. బళ్లో చేర్చుకుంటే పాపను నాకాడ వదిలిపెడ్తాడంట. చేర్చుకోకుంటే మంద ఎనక తోలుకపోతాడంట. మంద ఎనక పోయిన పిల్ల మళ్లా బడికొచ్చింది నీ సర్వీసులో ఒకరినన్నా చూసినావా?"

చూడలేదు. ఒక్కరినీ చూడలేదు. మంద కదలడానికి ఇంక రెండు రోజులుంది.

"మా ఆడబిడ్డ ఏమో, నాలిక్కి ఎవురో కట్టు కట్టినారు, తాయెత్తు ఏపిద్దామంటాంది" అని గొంతు తగ్గించి చెప్పింది జేజి.

సరిగ్గా అప్పుడే గట్టు అవతలి నుంచి పాప గొంతు వినబడింది. ఒక గొర్రెపిల్లను రెండు చెవులూ పట్టుకొని నిలదీస్తోంది. "సిగ్గుండాదా నీకు? మీయమ్మ ఆడ నిలబడి అరస్తాంది, నువ్వు ఈడ ఎవురి పాలు తాగుతాండావు? అది మన గొర్రె గాదు, మామ గొర్రె. మామ చూస్తే ఏమంటాడు? మొన్న గూడా ఇట్లే చేసినావు. నీకెన్నిసార్లు చెప్పల్ల?"

"జేజీ, ఆ నాలుకకు ఎవరో కట్టు కట్టి ఉంటే, ముడి బాగా వదులుగా వేసినట్టున్నారు" అన్నాను. జేజి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. కాగితం నా చేతిలో పెట్టి, "నువ్వే పో" అంది.

పోయాను. ఎట్లా పోయాను? పాతికేళ్ల వయసులో బాబాల మీదికి పోయినట్టే పోయాను. బడిలో కొత్తగా వచ్చిన టీచరమ్మ ఉంది. కృష్ణా జిల్లా వైపు అమ్మాయి. నేను వాకిట్లోంచే మొదలుపెట్టాను. గొర్రెలు కాసేవాళ్ల బిడ్డంటే మీకు లోకువా, వాళ్ల పిల్లలకు తెలివి ఉండదని మీ పుస్తకాల్లో రాసి ఉందా అని. ఆమె సుద్దముక్క పక్కన పెట్టి మొత్తం విన్నది.

"అయిపోయిందా సార్?"

"అయిపోయింది."

"కూర్చోండి. నేను మొద్దు అని ఎక్కడా రాయలేదు. మాటలు ఇంకా రాలేదని రాశాను. పన్నెండు బొమ్మలకి నాలుగే చెప్పింది. ఆరు దాటకపోతే ఇంకో ఏడాది ఆపమని కార్డులతో పాటు వచ్చిన పుస్తకంలో ఉంది. నేను ఒళ్లో కూర్చోబెట్టుకునే అడిగాను, కావాలంటే పాపనే అడగండి."

తర్వాత అడిగాను. ఒళ్లో కూర్చోబెట్టుకున్నది నిజమే, బిస్కెట్టు కూడా ఇచ్చిందట. రుజువు లేకుండా నేరం మోపకూడదని జీవితమంతా ఉపన్యాసాలిచ్చినవాణ్ని నేను.

టీచరమ్మ కార్డులు బల్ల మీద పరిచింది. పాప చెప్పిన నాలుగూ ఒక పక్క, చెప్పనివీ తప్పు చెప్పినవీ ఇంకో పక్క. చెప్పినవి ఏనుగు, గొడుగు, కత్తెర, సైకిలు. కార్డు తిప్పీ తిప్పకముందే చెప్పిందట.

రెండో పక్క మొదటి కార్డు ఆవు. పాప "సీమావు" అంది. పుస్తకంలో జవాబు "ఆవు" కాబట్టి టీచరమ్మ తప్పు పెట్టింది. నేను బొమ్మ చూశాను. నలుపూ తెలుపూ మచ్చలు, పలకలాంటి చదునైన వీపు. మూపురం లేదు. మా ఊళ్లో ఆవు అంటే మూపురం ఉండాలి. మూపురం లేకపోతే అది పాలకేంద్రానికి పాలు పోయడానికి తెచ్చిన సీమావు. పాప తప్పు చెప్పలేదు. పుస్తకం కంటే ఒక మెట్టు ఎక్కువ చెప్పింది.

రెండో కార్డు కుక్క. పాప "తోడేలు" అంది. చెవులు రెండూ నిక్కబొడుచుకొని ఉన్నాయి, తోక కిందికి వేలాడుతోంది. మా ఊరికుక్కల తోక పైకి మెలి తిరిగి ఉంటుంది. తోక వేలాడేసుకొని నడిచేది మా వైపు గుట్టల్లో తిరిగే తోడేలు. గొర్రెల మంద ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ తేడా మాటలకంటే ముందే వస్తుంది. రాకపోతే గొర్రె మిగలదు.

మూడోది బావి. రెండు గుంజలు, పైన పెంకుల కప్పు, మధ్యలో వేలాడే బొక్కెన. పాప "చిన్న ఇల్లు" అంది. మా బావులకు కప్పు ఎక్కడిది? లోపల నీళ్లే లేవు. టమోటా కార్డులో తొడిమె మరిచిపోయారు. ఉత్త ఎర్రని గుండ్రం. పాప "బంతి" అంది.

నాకు నవ్వాగలేదు. టీచరమ్మకు చెప్పాను: "చూడండి, కళ్లు మొత్తం బొమ్మను ఒకేలా చూడవు. దీనికే ఉండి ఇంకోదానికి లేనిదేదో వెతుకుతాయి. తొండం ఏనుగుకే ఉంది, అందుకే ఏనుగు చటుక్కున వచ్చింది. నాలుగు కాళ్లు, తోక, రెండు చెవులు అన్నిటికీ ఉన్నాయి. అవి ఎంత బాగా గీసినా పేరు బయటికి రాదు. మీ బొమ్మ గీసినాయన ఆవుకు ఉండాల్సిన గుర్తు తీసేసి, కుక్కకు తోడేలు గుర్తు తగిలించాడు. పాప ఆ గుర్తును నమ్మింది. నమ్మకపోతేనే మనం భయపడాలి."

ఆమె ఆవు కార్డునూ కుక్క కార్డునూ పక్కపక్కన పెట్టింది. "బాగుంది సార్. కానీ మీరు చెప్పింది వాదన. రుజువేది?"

ఆ మాట నేను ఎందరిని అడిగానో లెక్కలేదు. నన్ను అడిగినవాళ్లు లేరు. ఆ అమ్మాయి అడిగేసరికి నాకు పండగలాగా అనిపించింది. "సాయంత్రం బడి వదిలాక టీ అంగడికి రండి. కాగితం, పెన్ను తెచ్చుకోండి. మార్కులు మీరే వేయండి" అన్నాను.

ఆ సాయంత్రం జరిగిన పరీక్ష మా ఊళ్లో ఇంకా చెప్పుకుంటారు. బల్ల మీద ముగ్గురు పెద్దమనుషులు, ఎదురుగా స్టూలు మీద టీచరమ్మ. ఎవరూ పక్కవాడికి అందించకూడదని ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచాం. ఆవు కార్డుకు ముగ్గురూ "సీమావు" అన్నారు. ఒకాయన అయితే, "రెండోసారి ఈనింది, పూటకు ఆరు లీటర్లు ఇస్తాది" అని కూడా చెప్పాడు. టీచరమ్మ పుస్తకం ప్రకారం మూడు తప్పులు పెట్టింది.

కుక్క కార్డుకు ఇద్దరు తోడేలు అన్నారు. టమోటాకు ఒకరు దానిమ్మకాయ, ఒకరు బంతి. బావి కార్డు మాత్రం గందరగోళం చేసింది. ఒకాయన గుడి అన్నాడు, ఒకాయన బస్టాపు అన్నాడు. తర్కం తెలిసిన మూడో ఆయన కార్డును దూరంగా, దగ్గరగా పట్టి చూసి, "దీన్ని గీసినోడు బావిని చూడలేదు. నేను గీసినోణ్ని చూడలేదు. నన్నేమి చెప్పమంటావు తల్లీ?" అన్నాడు.

ఎవరికీ ఆరు దాటలేదు.

"తాతయ్యా, పుస్తకం ప్రకారం మిమ్మల్ని ముగ్గుర్నీ ఏడాది పాటు అంగన్‌వాడీకి పంపాలి" అంది టీచరమ్మ.

"పంపు తల్లీ. ఆడ దినమ్మూ గుడ్డు పెడ్తారు" అన్నాడాయన.

అప్పటిదాకా చూపించకుండా దాచిన ఏనుగు కార్డుతో, మొదట చెప్పిన పరీక్ష అక్కడే పెట్టాను. అందరికీ తెలిసిన బొమ్మ కూడా, దాని ప్రత్యేకమైన గుర్తు మూసేస్తే, నోటికి రాదని చూపించడానికి. ఎనుము, గుండు అన్న మాటలు రాసుకుంటూ టీచరమ్మ నవ్వింది. గెలిచేశాననుకున్నాను.

అప్పుడు ఆ మూడో ఆయనే టీ గ్లాసు కింద పెట్టి, టీచరమ్మ తెచ్చిన పాప మార్కుల కాగితంలోకి తొంగి చూసి, "అంతా సరేగానీ సారూ, గొర్రె కార్డుకు మేము ముగ్గురం గొర్రె అనే అంటిమి గదా. గొర్రెల్లో పుట్టిన పిల్ల గొర్రెను చూసి నోరు మూసుకునిందంటే ఏమనుకోవల్ల?" అన్నాడు.

నేనూ తొంగి చూశాను. టీచరమ్మ కాగితంలో ఆ కార్డు ఎదురుగా తప్పు గుర్తు కూడా లేదు. ఖాళీ. పాప ఏమీ అనలేదు. మిగతా తప్పులన్నిటికీ నేను వివరణ చెప్పగలను. ఈ మౌనానికి చెప్పలేను. భయపడి ఉంటుందన్నాను. "బిస్కెట్టు తింటూ ఎవరు భయపడతారు సార్?" అంది టీచరమ్మ. ఒక్క విరుద్ధమైన రుజువు చాలు, వాదన కూలిపోవడానికి. అది నేనే పిల్లలకు నేర్పిన పాఠం.

"అయితే పాపనే అడుగుదాం" అంది ఆమె. అంత తేలికైన మాట నాకు తట్టనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అప్పటిదాకా పాప గురించి పాప తప్ప మిగతా ఊరంతా మాట్లాడింది.

మూడో రోజు పొద్దున, మంద కదలబోయే ముందు, టీచరమ్మ స్కూటీ మీద చేనికి వచ్చింది. తండ్రి మంద చుట్టూ కట్టిన వలలు విప్పి కర్రలు కట్టుకుంటున్నాడు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. "పాప బట్టలు మూటలో పెట్టినా. తీయమంటే తీస్తా" అని మాత్రం అన్నాడు. జేజి నా వైపు చూడలేదు.

టీచరమ్మ గట్టు మీద పాప పక్కన కూర్చుని గొర్రె కార్డు చేతికిచ్చింది. "మొన్న అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా?"

"తెలిస్తే గదా చెప్పేది" అంది పాప.

"ఏం తెలియలేదు?"

"ఇది ఎవురిదో తెలీలా. చెవి కనపడ్లా. మొగమంతా బొచ్చే. మచ్చ ల్యా, చుక్క ల్యా." పాప కార్డు వెనక్కి తిప్పి చూసింది, అక్కడేమైనా ఉందేమోనని. "మీ గొర్రె తప్పిపోయిందా మేడమ్? మా మందలో కలవలేదు. నేను ఆ పొద్దే వచ్చి ఎతికినా."

టీచరమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

తెలియనివారికి చెబుతాను. గొర్రెల కాపరులు ప్రతి గొర్రెకూ చెవి అంచున చిన్న కోత పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో రకం కోత. ఏదైనా తప్పిపోయి ఇంకో మందలో కలిస్తే, చెవి చూసి ఎవరిదో చెబుతారు, ముఖం మీది మచ్చ చూసి ఏ గొర్రో చెబుతారు. పాప బతికిన ఆరేళ్లలో, ఎవరైనా గొర్రె సంగతి ఎత్తి "ఇదేమిటి?" అని అడిగారంటే గొర్రె తప్పిపోయిందని అర్థం. కార్డు మీది గొర్రెకు ఏ గుర్తూ లేదు. ఒళ్లంతా తెల్లని బూరు, అందులో చెవులు మునిగిపోయాయి. కాబట్టి ఆ పిల్ల నోరు మూసుకొని, ఇంటికి పోయి, మంద మొత్తం వెతికింది. మనం దాన్ని మాటలు రాకపోవడం అని రాశాం.

"గొర్రె అని చెప్పొచ్చు గదే?" అంది జేజి.

"గొర్రె అని మేడమ్‌కి తెలీదా జేజీ?" అంది పాప.

మొదట నవ్వింది తండ్రి. ఆ మనిషి అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. కర్రల కట్ట వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకొని నవ్వాడు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మీ గొర్రెలు నాకు చూపించవే" అంది.

పాప మా ఇద్దరికీ పరీక్ష పెట్టింది. ఐదు గొర్రెల్ని చూపించి పేర్లు చెప్పింది. బొల్లిది, చుక్కమూతిది, ఒంటికొమ్ముది, చారలకాలుది, నల్లకంటిది. తర్వాత వాటిని మందలోకి తోలి, "ఇప్పుడు చెప్పండి, యాడుండాయి?" అంది. నా సైన్సు డిగ్రీకి ఒంటికొమ్ముది ఒక్కటే దొరికింది. ఒకే కొమ్ము ఉన్న గొర్రె మందలో అదొక్కటే మరి. టీచరమ్మ రెండు పట్టింది, కానీ నల్లకంటిది అనుకొని పట్టుకున్నది పొట్టేలు. అది ఆమెను గట్టు దాకా తరిమింది.

"మేడమ్‌కి రెండు వొచ్చినాయి. సారుకి ఒకటే" అని జేజికి ఫలితాలు చెప్పింది పాప. "సారు ఇంగో ఏడాది ఈడనే ఉండల్ల."

టీచరమ్మ గట్టు మీదే కూర్చుని కొత్త కాగితం తీసింది. సీమావు సరి. తోడేలు సరి, తోకను బట్టి. గొర్రె ఎదురుగా ఆరు వరుసలు రాసింది. పాప ఏమంది, ఎందుకంది, ఏం చేసింది. మొత్తం ఏడు. పైనుంచి ఎవరైనా అడిగితే పుస్తకాన్ని పక్కన పెట్టింది తానేనని రాసి కింద సంతకం చేసింది. ఆ అమ్మాయి ధైర్యం నాకు నచ్చింది. అప్పుడే ఆమెకు నేను క్షమాపణ చెప్పుకున్నాను. "పర్లేదు సార్, మీరు అరవకపోతే నేను కార్డులు మళ్లీ చూసేదాన్ని కాదు" అంది. ఆ మాటను సమర్థనగా వాడుకోనని అప్పుడే నిశ్చయించుకున్నాను.

తండ్రి కాగితం మీద వేలిముద్ర వేసి మూటలోంచి పాప బట్టలు తీసి జేజికిచ్చాడు. మంద కదిలింది. పాప రోడ్డు దాకా వాళ్ల నాయన పక్కన నడుస్తూ అప్పగింతలు పెట్టింది. "బొల్లిది నీళ్ల కాడ ఎనక పడ్తాది, తోసెయ్యాకు. చారలకాలుదాని పిల్ల వేరేదాని పాలకు పోతాది, చూసుకో." అతను ప్రతిదానికీ "ఊ" అంటూ పోయాడు.

ఆ వారం టీచరమ్మ, బడి పిల్లలు కలిసి కార్డులు కొత్తగా గీశారు. గీసే పని పెద్ద పిల్లలది, సరిదిద్దే పని మా పాపది. "మూపురం ఇంగా ఎత్తు." "తోక మెలి పెట్టు, ల్యాకుంటే తోడేలు అవుతాది." గొర్రె చెవికి మాత్రం వాళ్ల ఇంటి కోతే పెట్టించింది. ఎవరు చెప్పినా వినలేదు. జేజి గుళ్లో కొబ్బరికాయ కొట్టి నా ఇంటికి తెచ్చింది. ఇందులో దేవుడి ప్రమేయం లేదు జేజీ, అని నేను పావుగంట వాదించాను. "అట్లే కానీ, తిను" అంది. తిన్నాను.

ఇది ఒక్క పాప కథ అయితే నేను రాసేవాణ్ని కాదు. అలాంటి కార్డుల కట్ట మీ ఊరి బడి అల్మరాలో కూడా ఉండవచ్చు. దాని పక్కన కొందరు పిల్లల పేర్లూ, ఆ పేర్ల ఎదురుగా తప్పు గుర్తులూ, ఖాళీలూ ఉండవచ్చు. ఆ ఖాళీలను బట్టి ఎవరో ఒక పిల్ల బట్టలు ఇప్పుడే మూట కడుతూ ఉండవచ్చు. ఈ వారమే వెళ్లండి. ఆ కాగితాలు బయటికి తీయించండి. ప్రతి తప్పు దగ్గరా, ప్రతి ఖాళీ దగ్గరా ఆగి, ఆ పిల్లను పిలిపించి, పక్కన కింద కూర్చుని, "ఏం చూసి అట్లా అన్నావు?" అని అడగండి. జవాబు పూర్తయ్యే దాకా వినండి. ఆ తర్వాతే ఎవరినైనా పెన్ను తీయనివ్వండి.